ఒక్క లైను మార్పుకు మూడు వారాలు: ఏ రోజులు అవసరం, ఏ రోజులు దండగ

రాయదుర్గం మెట్రో దగ్గర, నానక్‌రామ్‌గూడ టీ కొట్ల దగ్గర ఈ మధ్య ఒకే ఫిర్యాదు రకరకాల గొంతుల్లో వినిపిస్తోంది. చిన్న కంపెనీ వదిలి పెద్ద కంపెనీలో చేరిన డెవలపర్లది. "అక్కడ మధ్యాహ్నం రాస్తే సాయంత్రానికి లైవ్‌లో ఉండేది. ఇక్కడ ఒక్క లైను మార్చడానికి మూడు వారాలు పట్టింది." దానికి దొరికే జవాబులు కూడా రెండే. సీనియర్లు "పెద్ద కంపెనీ అంటే అంతేరా, అలవాటైపోతుంది" అంటారు. తోటివాళ్లు "ఇంకెందుకు అక్కడ, రెజ్యూమె అప్‌డేట్ చెయ్" అంటారు.

రెండు జవాబులూ ఆ మూడు వారాలను ఒకే ముద్దగా చూస్తున్నాయి. అందులో కొన్ని రోజులు కస్టమర్ డేటాను కాపాడతాయి. కొన్ని రోజులు ఎవరికీ ఉపయోగం లేకుండా క్యూలో గడిచిపోతాయి. పనిని నమోదు చేసే టికెట్‌లో మాత్రం రెండూ ఒకేలా "ఇన్ ప్రోగ్రెస్" అనే కనిపిస్తాయి. ఏ రోజు ఏ రకానిదో విడదీసి, కారణంతో సహా చెప్పగలగడమే పెద్ద కంపెనీలో డెవలపర్‌కి అన్నిటికన్నా ముఖ్యమైన పని అని నా అభిప్రాయం. కోడ్ రాయడం దాని తర్వాతే.

ఉదాహరణకు అందరికీ తెలిసిన మార్పునే తీసుకుందాం. కస్టమర్ టేబుల్‌లో ఫోన్ నంబర్ కాలమ్ 10 అక్షరాలది. ఇప్పుడు విదేశీ నంబర్లు కూడా తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రమాణం ఈ.164 ప్రకారం దేశం కోడ్‌తో కలిపి గరిష్ఠంగా 15 అంకెలు, ముందు ప్లస్ గుర్తు. అంటే 10ని 16 చెయ్యాలి. నిజంగానే ఒక్క లైను.

ఆ లైను కింద ఏముంది

ముందు డేటాబేస్. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో వర్‌చార్ (అక్షరాలు దాచే కాలమ్ రకం) పొడవు పెంచితే 9.2 వెర్షన్ నుంచి టేబుల్ మొత్తాన్ని తిరగరాయదు. పని క్షణంలో అయిపోతుంది. కానీ ఆ క్షణం కోసం టేబుల్ మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఇంకెవరూ చదవకుండా, రాయకుండా ఆపే తాళం) కావాలి. అప్పటికే ఎవరిదో రిపోర్ట్ క్వెరీ ఆ టేబుల్ మీద 20 నిమిషాలుగా నడుస్తుంటే మన ఆల్టర్ (కాలమ్‌ను మార్చే ఆదేశం) దాని వెనక ఆగుతుంది. మన వెనక వచ్చే ప్రతి మామూలు సెలెక్ట్ (చదివే ఆదేశం) కూడా ఆగుతుంది. యాప్ డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్ పూల్ నిండిపోతుంది, యాప్ పడిపోతుంది. తప్పు పొడవు మార్చడంలో లేదు, లాక్ కోసం కాచుకు కూర్చోవడంలో ఉంది. అందుకే లాక్ టైమౌట్‌ను రెండు మూడు సెకన్లకు పెట్టి, దొరక్కపోతే వెనక్కి తగ్గి, కాసేపాగి మళ్లీ ప్రయత్నించేలా స్క్రిప్టు రాయాలి. ఆ కాలమ్ మీద ఏదైనా వ్యూ (పేరు పెట్టి దాచిన క్వెరీ) ఆధారపడి ఉంటే పోస్ట్‌గ్రెస్ అసలు మార్చనివ్వదు. వ్యూ తీసేసి, మార్చి, మళ్లీ కట్టి, దాని మీద ఎవరెవరికి అనుమతులున్నాయో అవీ తిరిగి ఇవ్వాలి. ఈ చివరి ముక్క మరిచిపోతే మర్నాడు పొద్దున రిపోర్టింగ్ టీమ్ నుంచి ఫోను వస్తుంది.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో గొడవ ఇంకో చోట. అక్కడ 255 బైట్ల దాకా పొడవు రాసుకోవడానికి ఒక బైటు చాలు, దాటితే రెండు కావాలి. ఆ గీత లోపల పొడవు పెంచితే ఇబ్బంది లేదు. దాటితే టేబుల్ మొత్తం కాపీ అవుతుంది. అన్ని భాషల అక్షరాలనూ రాసే యూటీఎఫ్‌8ఎంబీ4 పద్ధతి వాడుతుంటే అక్షరానికి 4 బైట్ల లెక్కన 64 అక్షరాల దగ్గరే గీత దాటిపోతుంది. మన 16కి భయం లేదు. "ఎందుకైనా మంచిది, 100 పెడదాం" అన్నామంటే కోట్ల వరసల టేబుల్ గంటలకొద్దీ కాపీ అవుతూ కూర్చుంటుంది.

డేటాబేస్ దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. ఒరాకిల్ డేటాబేస్ ఉన్న చోట పాత పీఎల్ ఎస్‌క్యూఎల్ ప్రొసీజర్లలో (డేటాబేస్ లోపలే నడిచే ప్రోగ్రాములు) ఎవరో లోకల్ వేరియబుల్‌ను 10 అక్షరాలకే డిక్లేర్ చేసి ఉంటారు. కాలమ్ పెరిగినా అది పెరగదు. మొదటి పొడుగు నంబర్ రాగానే ఓరా-06502 ఎర్రర్‌తో పడిపోతుంది. ఇది మంచి రకం తప్పు, కనీసం అరుస్తుంది. అరవని రకం ఇంకా ప్రమాదం. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను తిరస్కరించే సెట్టింగ్) ఆపేసిన పాత మైఎస్‌క్యూఎల్ సర్వర్ ఒకటి మన టేబుల్‌ను రాత్రిపూట కాపీ చేసుకుంటుంటే అది పొడుగు విలువను కోసి, ఒక వార్నింగ్ రాసుకుని ముందుకెళ్తుంది. ప్లస్ 91తో కలిపి 13 అక్షరాలుండే నంబర్‌లో మొదటి 10 మిగులుతాయి, చివరి మూడు అంకెలు పోతాయి. ఎస్ఎంఎస్ వెళ్లనప్పుడు గానీ ఎవరికీ తెలియదు.

రాత్రి 2 గంటలకు భాగస్వామి బ్యాంకుకు వెళ్లే ఫిక్స్‌డ్ విడ్త్ ఫైలు సంగతి చూడండి. అందులో ఫోన్ నంబర్ ఫలానా స్థానం నుంచి సరిగ్గా 10 అక్షరాలు. ఆరు అక్షరాలు పెరిగితే తర్వాతి ఫీల్డులన్నీ ఆరు స్థానాలు జరుగుతాయి. అవతల ఆ స్థానంలో రూపాయల మొత్తాన్ని చదువుతుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆపరేషన్స్ టీమ్ సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి, తిరిగి అప్‌లోడ్ చేసే అలవాటుంటే ప్లస్ గుర్తు ఎగిరిపోతుంది. 12 అంకెల నంబర్ 9.19ఈ+11 లాగా మారి కూర్చుంటుంది.

అన్నిటికన్నా లోతైనది డేటా అర్థం. అమెరికా కంపెనీకి హైదరాబాద్‌లో ఉన్న సెంటర్‌లో మీరు పనిచేస్తుంటే టేబుల్‌లో ఇప్పటికే ఉన్న 10 అంకెల నంబర్ భారత్‌దా, అమెరికాదా? రెండు దేశాల్లోనూ నంబర్ 10 అంకెలే. ముందు ప్లస్ 1 చేర్చాలా, ప్లస్ 91 చేర్చాలా అన్నది ఆ కాలమ్ చెప్పదు, అడ్రసు టేబుల్ చూడాలి. అడ్రసు ఖాళీగా ఉన్న వరసలకు ఏం చెయ్యాలన్నది బిజినెస్ వాళ్లు తేల్చాలి. నంబర్‌ను బట్టి ఇద్దరు కస్టమర్లు ఒకరేనా అని పోల్చే కోడ్ ఎక్కడైనా ఉంటే, మార్పు తర్వాత పాత పద్ధతిలో ఒకరు, కొత్త పద్ధతిలో ఒకరుగా ఒకే మనిషి రెండుసార్లు పుడతాడు.

సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అప్పట్లో మన ఇంజినీర్లకు దొరికిన పనిలో పెద్ద వాటా వై2కే, అంటే 2000 సంవత్సరం సమస్య. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడం. అదీ ఒక కాలమ్ పొడవు సమస్యే. ఈ ఊరి సాఫ్ట్‌వేర్ రంగం ఇలాంటి ఒక్క లైను మార్పుల మీదే కాళ్లు నిలదొక్కుకుంది. ఆ పనిని ఇవాళ చిన్నచూపు చూడటం నాకు నచ్చదు.

కాబట్టి ఈ మార్పును ఒక్క లైనుగా చెయ్యరు. పాత కాలమ్‌ను ముట్టుకోకుండా పక్కన కొత్త కాలమ్ ఖాళీగా చేరుస్తారు. తర్వాతి రిలీజ్‌లో యాప్ రెండింటిలోనూ రాస్తుంది, చదవడం మాత్రం పాతదాన్నుంచే. ఆపైన పాత వరసలను ఐదారు వేల చొప్పున నింపుతూ పోతారు, మధ్యమధ్య ఆగి రెప్లికా (డేటాబేస్ నకలు) ఎంత వెనకబడిందో చూసుకుంటూ. రెండు కాలమ్‌లనూ పోల్చే క్వెరీ కొన్ని రోజులు నడుస్తుంది. తేడా సున్నా అయ్యాక చదివేవాళ్లను ఒక్కొక్కరిగా కొత్తదానికి మారుస్తారు. కనీసం ఒక నెలాఖరు దాటాక పాతదానికి రాయడం ఆపి, ఆ తర్వాత తీసేస్తారు. పాతదానికి రాస్తున్నంత కాలం వెనక్కి రావడం ఐదు నిమిషాల పని. ఆపేశాక వెనక్కి రావాలంటే డేటా మళ్లీ నింపాలి. అందుకే ఆ అడుగు దగ్గర తొందరపడకూడదు.

ఎవరెవరు ఈ కాలమ్ చదువుతున్నారో కనుక్కోవడానికే మూడు నాలుగు రోజులు పోతాయి. కోడ్ సెర్చ్ సగమే చెబుతుంది. రిపోర్టులు, డేటాబేస్ లింకులు, ఎవరి మెషీన్ మీదో నడిచే స్క్రిప్టులు అందులో దొరకవు. డేటాబేస్ ఆడిట్ లాగ్‌లో ఆ టేబుల్‌ను ఏ యూజర్ ఐడీలు చదివాయో చూడాలి. అదీ నెలాఖరు కలిసేలా పూర్తి నెల లాగ్. ఇవి అవసరమైన రోజులు. వీటిని తగ్గించమని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను.

నెమ్మదిగా వదలడం ఎందుకు

ఈ వాదనకు నాకు తెలిసిన అతి గట్టి సాక్ష్యం నైట్ క్యాపిటల్. 2012 ఆగస్టు 1న ఆ అమెరికన్ ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్‌ను 8 సర్వర్లలో 7 మీదే పెట్టింది. ఎనిమిదోదాని మీద పాత కోడ్ ఉండిపోయింది. ఎన్నో ఏళ్లుగా ఎవరూ వాడని ఒక ఫంక్షన్ అందులో బతికే ఉంది. దాన్ని మేల్కొలిపే పాత ఫ్లాగ్‌నే (ఆన్, ఆఫ్ చేసే గుర్తు) కొత్త పనికి తిరిగి వాడారు. మార్కెట్ తెరిచాక సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మార్కెట్ తెరవకముందే ఆ పాత ఫంక్షన్ పేరుతో హెచ్చరిక ఈమెయిళ్లు వచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ విచారణలో తేలిన మరో సంగతి: డిప్లాయ్‌మెంట్‌ను రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక నియమమే అక్కడ లేదు.

అందరూ విసుక్కునే "ఇంకొకరు చూడాలి" అన్న నియమం ఆ రోజు ఉండి ఉంటే, ఎనిమిదో సర్వర్ బయటపడటానికి పట్టేది ఐదు నిమిషాలు.

రెండోది మనందరం చూసిందే. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్. 21 ఫీల్డులు ఆశించే ఫైలు, 20 ఇచ్చే కోడ్. 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క. మన శంషాబాద్‌లోనూ చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. కంపెనీ 78 నిమిషాల్లోనే అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్ దాన్ని అందుకోలేదు, మనిషి వెళ్లి ఒక్కొక్కటీ బాగుచెయ్యాల్సి వచ్చింది. ఆ రకం అప్‌డేట్లను దశలవారీగా వదిలే పద్ధతి అప్పటికి లేదు. ఆ తర్వాతే పెట్టారు.

ముందు ఒక శాతం, గంట ఆగి పది శాతం, ఒక రోజు ఆగి సగం, తర్వాత అంతా. ఈ ఆగడం ఉత్త ఆచారం కాకూడదంటే, ఆగినప్పుడు ఏ గ్రాఫ్ చూడాలో, ఏ అంకె దాటితే ఎవరు వెనక్కి తీసుకుంటారో ముందే రాసి ఉండాలి. అవి రాయకుండా 24 గంటలు ఆగితే ఆ రోజు దండగే. దశలవారీ పద్ధతి పట్టుకోలేనివి కూడా ఉన్నాయి. నెలకోసారి నడిచే జాబ్ ఒక రోజు ఆగితే బయటపడదు. యూఏటీలో (రిలీజ్‌కు ముందు పరీక్షించే ఎన్విరాన్‌మెంట్) తేదీని మార్చి, నెలాఖరు జాబ్‌ను నడిపి చూడాల్సిందే.

దండగ పోయే రోజులు

హైదరాబాద్, సియాటిల్ మధ్య వేసవిలో పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. ఇక్కడ సాయంత్రం 6:30కి పీఆర్ (మార్పును చూసి ఆమోదించమనే అభ్యర్థన) పెడితే అక్కడ పొద్దున 6. రివ్యూయర్ తొమ్మిదిన్నరకు కూర్చుని "ఈ నల్ చెక్ (విలువ లేదేమో చూడటం) ఎందుకు?" అని ఒక ప్రశ్న వేస్తారు. ఇక్కడ రాత్రి 10. మర్నాడు పదిన్నరకు జవాబిస్తే అక్కడ నిద్రవేళ. ఒక్క ప్రశ్నకు ఒక రోజు. మూడు ప్రశ్నలొస్తే మూడు రోజులు. వారంలో సగం పోయింది, కోడ్ మాత్రం కదల్లేదు.

దీనికి మందు రాత్రి కాల్స్ కాదు. ప్రశ్న రాకముందే పీఆర్ వివరణలో జవాబు ఉండాలి. ఏం మారింది, ఎందుకు, ఏం పరీక్షించాం, ఏం పరీక్షించలేదు, వెనక్కి తీసుకోవాలంటే ఏం చెయ్యాలి. కోడ్‌లో విచిత్రంగా కనిపించే ప్రతి లైను పక్కన మనమే ముందుగా కామెంట్ పెట్టాలి. పేర్లు మార్చడం ఒక పీఆర్, ప్రవర్తన మార్చడం ఇంకో పీఆర్. మార్పు నాలుగొందల లైన్లు దాటితే చూసేవాళ్లు చదవడం మానేసి అప్రూవ్ కొడతారు, అది ఇంకా ప్రమాదం. వీటన్నిటికన్నా ముఖ్యం, ఆ కోడ్‌కు హైదరాబాద్‌లో కూడా ఒక ఓనర్ ఉండాలని గట్టిగా అడగడం. అప్రూవ్ చేసే హక్కు సియాటిల్‌లోనే ఉండిపోతే ఎంత బాగా రాసినా క్యూ తగ్గదు.

యూఏటీ ఇంకో పెద్ద గుంట. నాలుగు టీమ్‌లకు ఒకే ఎన్విరాన్‌మెంట్. ఒకరు టెస్ట్ చేస్తుంటే ఇంకొకరు డిప్లాయ్ చేస్తారు, రెండు రోజుల పని మళ్లీ మొదటికి. పైగా అక్కడి డేటా ప్రైవసీ కోసం మాస్క్ చేసినది. మాస్కింగ్ టూల్ ప్రతి ఫోన్ నంబర్ స్థానంలో పది తొమ్మిదులు పెడితే మన పొడవు మార్పు అక్కడ హాయిగా పాసవుతుంది, ప్రొడక్షన్‌లో పేలుతుంది. ఆ వారం పరీక్షించామని సంతకాలుంటాయి, పరీక్ష మాత్రం జరగలేదు. 8 అంకెల సింగపూర్ నంబర్, 15 అంకెల నంబర్, ప్లస్ లేనిది, మధ్యలో ఖాళీలున్నది, ఖాళీ స్ట్రింగ్, నల్. ఈ వరసలను చేత్తో చేర్చడానికి అరగంట చాలు. ఆ అరగంట మాస్క్ చేసిన డేటా మీద గడిపే వారం కన్నా విలువైనది.

ఇక ఫ్రీజ్. అమెరికా రిటైల్ కంపెనీల సెంటర్లలో నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు నుంచి జనవరి మొదటి వారం దాకా ప్రొడక్షన్‌ను ముట్టుకోనివ్వరు. అమ్మకాల సీజన్, కారణం న్యాయమైనదే. కానీ ఆరేడు వారాల మార్పులు పేరుకుపోయి ఫ్రీజ్ ఎత్తగానే ఒకేసారి వెళ్తాయి. సరిగ్గా అప్పుడే సంక్రాంతికి సగం టీమ్ ఊళ్లకు పోతుంది. ఏదైనా పగిలితే ఏ మార్పు వల్ల పగిలిందో చెప్పేవాళ్లు రాజమండ్రి దారిలో ఉంటారు. సంక్రాంతి వారంలో పెద్ద మార్పులు వద్దని నవంబర్‌లోనే రిలీజ్ క్యాలెండర్‌లో రాయించాలి. జనవరిలో అడిగితే ఎవరూ వినరు.

ఆడిట్ మాట

మార్పులను ఆమోదించడానికి ప్రతి గురువారం జరిగే చేంజ్ బోర్డ్ మీటింగ్ గురించి ఎవరైనా ప్రశ్నిస్తే వచ్చే జవాబు "ఆడిట్ వాళ్లకు కావాలి". ఇక్కడ కాస్త ఆగి చూడాలి. అమెరికాలో లిస్టయిన కంపెనీలకు 2002 నాటి సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం ఉంది. ఆర్థిక లెక్కలపై అంతర్గత నియంత్రణలు ఉండాలని అది అంటుంది. దాన్నుంచి ఆడిటర్లు మామూలుగా అడిగేది ఇది: రాసినవాళ్లే ఒంటరిగా ప్రొడక్షన్‌లో పెట్టకూడదు, ఎవరు ఆమోదించారో, ఏం పరీక్షించారో రికార్డు ఉండాలి. మీటింగ్ గురువారమే జరగాలని, ఆ కోడ్ చూడని పదిహేను మంది అందులో కూర్చోవాలని చట్టంలో లేదు. బ్రాంచ్ ప్రొటెక్షన్ పెట్టి, రెండో మనిషి ఆమోదం లేకుండా మెర్జ్ (ప్రధాన కోడ్‌లో కలవడం) కాకుండా చేసి, ఆటోమేటిక్ పైప్‌లైన్ ద్వారా తప్ప ప్రొడక్షన్‌కు దారి లేకుండా మూసేస్తే ఆ ఆధారాలన్నీ వాటంతటవే పుడతాయి.

సాఫ్ట్‌వేర్ డెలివరీని ఏళ్లుగా అధ్యయనం చేస్తున్న డోరా బృందం 2019 నివేదికలో దీని మీద నేరుగా మాట్లాడింది. బయటివాళ్లు ఆమోదించే బరువైన ప్రక్రియల వల్ల విఫలమయ్యే మార్పులు తగ్గుతాయనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. నెమ్మది మాత్రం కచ్చితంగా వస్తుంది. నెమ్మది వస్తే మార్పులు గుట్టగా పేరుకుంటాయి, గుట్టగా వెళ్లినవే ఎక్కువగా పగులుతాయి.

అయినా ఆ మీటింగ్‌ను పూర్తిగా తీసెయ్యమని నేను అనలేను. ఒక శనివారం రాత్రి నెట్‌వర్క్ వాళ్లు ఫైర్‌వాల్ మారుస్తుంటే అదే రాత్రి మన మైగ్రేషన్ కూడా ఉందని ఎవరో ఒకరు కనిపెట్టాలి. ఆ పని ఇప్పటికీ ఆ మీటింగే చేస్తోంది. అందరికీ కనిపించే ఒక మార్పుల క్యాలెండర్ ఆ పనిలో ఎక్కువ భాగం చెయ్యగలదు. నాకు సబబనిపించేది మధ్యేమార్గం: పదే పదే చేసే, వెనక్కి తీసుకోగలిగే మార్పులను ముందే ఆమోదించిన జాబితాలో పెట్టడం, డేటాబేస్ నిర్మాణం మారేవి, వేరే టీమ్‌లను తాకేవి మాత్రం మీటింగ్‌కు తీసుకెళ్లడం.

ఈ మాట మీటింగ్‌లో ఆవేశంగా చెబితే పని జరగదు. మీ టీమ్ గత ఇరవై టికెట్లు తీసుకుని ఒక్కొక్కటీ ఏ దశలో ఎన్ని రోజులుందో టికెట్ల టూల్ జిరా హిస్టరీ నుంచి ఒక షీట్‌లో పెట్టండి. కోడింగ్, రివ్యూ, యూఏటీ, ఆమోదం, రిలీజ్. చాలా టీమ్‌లలో కోడింగ్ కాలమ్ అన్నిటికన్నా సన్నగా కనిపిస్తుంది. ఏఐ టూల్స్‌తో కోడ్ రెట్టింపు వేగంగా రాస్తున్నా రిలీజ్ తేదీ ఎందుకు కదలట్లేదో కూడా అదే షీట్ చెబుతుంది. అన్నీ ఒకేసారి మార్చమని అడగకుండా, అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న ఒక్క క్యూ గురించే మేనేజర్‌తో మాట్లాడండి.

మరి కెరీర్ సంగతి

దీనికి గట్టి ఎదురువాదం ఒకటుంది, తేలిగ్గా కొట్టిపారెయ్యలేనిది. "ఇదంతా నేర్చుకుంటే వచ్చే ఇంటర్వ్యూలో ఏం చెప్పను? వాళ్లు అడిగేది డేటా స్ట్రక్చర్లు, సిస్టమ్ డిజైన్. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఉండేవి కొత్త ఫ్రేమ్‌వర్క్‌లు. పాత కోడ్ చదవడం నేర్పుతామని ఒక్క బోర్డూ లేదు." నిజమే. ఆ కంపెనీకే ప్రత్యేకమైన డిప్లాయ్‌మెంట్ టూల్ మీద మూడేళ్లలో సంపాదించిన పట్టు గేటు దాటితే పనికిరాదు. అప్రైజల్‌లో కూడా జరగని ప్రమాదానికి మార్కులు పడవు, కొత్త డాష్‌బోర్డుకు పడతాయి. ఈ అన్యాయం ఉంది, దాన్ని దాచిపెట్టి పిల్లలకు ఓపిక నేర్పడం సరికాదు.

కానీ గేటు దాటి వచ్చేవీ ఉన్నాయి. నడుస్తున్న సిస్టమ్‌లో కోట్ల వరసల టేబుల్‌ను ఆపకుండా ఎలా మార్చారో అంకెలతో, ఎక్కడ వెనక్కి రాగలరో వివరంగా చెప్పగలిగితే అది సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో చాలామంది ఇవ్వలేని జవాబు. గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్ర) ఒక పదం మొదట ఎప్పుడు వచ్చిందో వెతకడం, ఆ కమిట్ నుంచి టికెట్‌కు, టికెట్ నుంచి కారణానికి వెళ్లడం ఏ కంపెనీలోనైనా పనికొస్తుంది. అప్రైజల్ కోసం ఆ ప్రమాదాలను తప్పించినప్పుడే రాసిపెట్టుకోవాలి: ఏ తేదీన, ఏ ఫైలు, ఎన్ని వరసలు దెబ్బతినేవి, ఏ పరీక్షలో దొరికింది. మార్చి నెలలో గుర్తుచేసుకుని రాస్తే అది నమ్మించదు.

నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలున్న ఈ ఊళ్లో తప్పు టీమ్‌లో చేరితే బయటపడటానికి చాలాకాలం పడుతుంది. అందుకే చేరకముందే, ఇంటర్వ్యూ చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడు, కంపెనీ కల్చర్ గురించి అడగొద్దు. మీ టీమ్ చివరగా ప్రొడక్షన్‌లో పెట్టిన మార్పు మొదలైనప్పటి నుంచి లైవ్ అయ్యేదాకా ఎన్ని రోజులు పట్టింది, అందులో ఎక్కువ కాలం ఎక్కడ ఆగింది అని అడగండి. మెర్జ్ చేసే హక్కు హైదరాబాద్‌లో ఎంతమందికి ఉందో అడగండి. చివరిసారి రోల్‌బ్యాక్ (మార్పును వెనక్కి తీసుకోవడం) ఎప్పుడు చేశారు, ఎంతసేపు పట్టింది అని అడగండి. "మాకు రోల్‌బ్యాక్ అవసరమే పడలేదు" అని జవాబొస్తే, దాన్ని ఎప్పుడైనా చేసి చూశారా అని కూడా అడగండి.